ఆ పటకారుకి ఆ పేరెలా వచ్చింది? మీ ప్రశ్నలు, సర్జన్ జవాబులు

పోయిన నెల హెర్నియా ఆపరేషన్ గురించి రాస్తూ, ట్రేలో ఉండే దాదాపు ప్రతి పరికరానికీ ఒక మనిషి పేరుంటుందని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం మీదే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఏళ్ళ తరబడి చేతిలో పట్టుకున్న వస్తువులు, వాటి గురించి ఎవరైనా అడిగితే చాలా సంతోషంగా ఉంటుంది.

ప్రశ్న: నేను నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఓటీ (ఆపరేషన్ థియేటర్) పోస్టింగ్ మొదలైంది. రక్తనాళాలు పట్టుకునే పటకారు, అదే ఆర్టరీ ఫోర్సెప్స్, ఒక్కటే సులువుగా గుర్తుంటోంది. మిగతావన్నీ కోకర్, అలిస్, బాబ్‌కాక్, మెట్జెన్‌బామ్ అంటూ మనుషుల పేర్లే. సిస్టర్ ఒకటి అడిగితే ఇంకోటి ఇచ్చేస్తున్నాను, ఒకటే టెన్షన్. వీళ్ళంతా ఎవరు డాక్టర్ గారూ? బట్టీ పట్టడం తప్ప వేరే దారి లేదా?

ఉందమ్మా. పేరుతో మొదలుపెట్టకు, కొనతో మొదలుపెట్టు. పరికరం చేతిలోకి తీసుకుని దాని మూతి చూడు. చివర ఒకదానిలో ఒకటి దిగే పళ్ళుంటే కోకర్, జారిపోయే గట్టి పొరని వదలకుండా పట్టుకోవడానికి ఆ పళ్ళు. కొన వెడల్పుగా ఉండి అంచున దువ్వెనలా సన్నటి పళ్ళ వరస ఉంటే అలిస్. పళ్ళే లేకుండా, గుండ్రంగా వంగి, మధ్యలో కిటికీలా ఖాళీ ఉంటే బాబ్‌కాక్. పేగునో అపెండిక్స్‌నో నలగకుండా పట్టుకోవాలంటే అలాగే ఉండాలి మరి. అలిస్, బాబ్‌కాక్ ఇద్దరూ ఫిలడెల్ఫియా సర్జన్లు. మెట్జెన్‌బామ్ కత్తెరకి పిడి పొడుగు, కోసే భాగం పొట్టి. క్లీవ్‌లాండ్‌లో చెవి, ముక్కు, గొంతు ఆపరేషన్లు చేసే మైరన్ మెట్జెన్‌బామ్ దాన్ని టాన్సిల్స్ కోసం రూపొందించాడు. నోటి లోపల, లోతున కొయ్యాలి, తన చెయ్యే తన చూపుకి అడ్డం రాకూడదు. ఈ అవసరం తెలిశాక ఆ ఆకారం ఇక మర్చిపోవు. దానితో కుట్ల దారం మాత్రం కత్తిరించకు, పదును పోతుంది. దారానికి మేయో కత్తెర ఉంది.

కోకర్ గురించి రెండు మాటలు. థియోడర్ కోకర్‌ది స్విట్జర్లాండ్‌లోని బెర్న్. ఆయన రోజుల్లో మెడ దగ్గర పెరిగిన థైరాయిడ్ గడ్డ తీయడమంటే రక్తం ఆగక మనిషి బల్ల మీదే పోయే ప్రమాదం ఉండేది. ఒక్కో రక్తనాళాన్నీ ఓపిగ్గా పట్టుకుని, ముడి వేసుకుంటూ పోయి, ఆ ఆపరేషన్లో మరణాలను నూటికి ఒకటి కన్నా తక్కువకి దించాడు. 1909లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇక నువ్వు సులువనుకున్న ఆర్టరీ ఫోర్సెప్స్ ఉంది చూడు, దాని కథే అన్నిటికన్నా పెద్దది. పదహారో శతాబ్దం దాకా యూరప్‌లో కాలు తీసేశాక రక్తం ఆపాలంటే ఎర్రగా కాల్చిన ఇనుము గాయం మీద పెట్టేవాళ్ళు, లేదా మరిగే నూనె పోసేవాళ్ళు. ఫ్రాన్స్‌లో ఆంబ్రోయిస్ పారే అనే అతను మంగలి దగ్గర పని నేర్చుకుని యుద్ధాల్లో సైనికులకు వైద్యం చేసేవాడు. లాటిన్ రాదు కాబట్టి చదువుకున్న వైద్యులు ఆయన్ని లెక్కచేసేవాళ్ళు కాదు. ఒక యుద్ధంలో నూనె అయిపోతే గుడ్డు సొన, గులాబీ తైలం, టర్పెంటైన్ కలిపి గాయాలకు పూశాడు. రాత్రంతా నిద్ర పట్టలేదట, పొద్దున వెళ్ళి చూస్తే తను పూత పూసినవాళ్ళు హాయిగా పడుకుని ఉన్నారు, నూనె పోసినవాళ్ళు జ్వరంతో, వాపుతో మూలుగుతున్నారు. ఆ తర్వాత 1552 ప్రాంతంలో, కాలు తీసినప్పుడు కాల్చడం మానేసి, కాకి ముక్కులాంటి పటకారుతో రక్తనాళం కొన బయటికి లాగి దారంతో కట్టాడు.

కానీ ఆ పటకారుని ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి, చెయ్యి వదిలితే నాళం లోపలికి జారిపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో పిడుల దగ్గర మెట్లు మెట్లుగా పడే తాళం వచ్చాక ఆ బాధ తీరింది. నొక్కితే టిక్ టిక్ మని పడుతుంది కదా, అదే. పారిస్‌లో జూల్ పేయాన్, స్ట్రాస్‌బర్గ్‌లో యూజీన్ కోబెర్లే ఇద్దరూ దాన్ని వాడుకలోకి తెచ్చారు, ముందు నేనంటే నేనని పెద్ద తగాదా కూడా పడ్డారు. లండన్‌లో స్పెన్సర్ వెల్స్ దాన్ని ఇంకా మెరుగుపరిచాడు. ఆ టిక్ టిక్ శబ్దం వల్ల సర్జన్‌కి పది చేతులు వచ్చినట్టయింది. పది నాళాలు పది పరికరాలకు అప్పజెప్పి, రెండు చేతులతో తాపీగా పని చేసుకోవచ్చు. కడుపు తెరిచి గంటల తరబడి చేసే ఆపరేషన్లకి మత్తుమందు ఎంత ముఖ్యమో ఈ తాళం కూడా అంత ముఖ్యమని నా అభిప్రాయం.

ఇంకొక్కటి. నువ్వు రోజూ 16 నంబర్ ఫోలీ అని అడిగి తెచ్చే మూత్రనాళిక గొట్టం ఉంది కదా, దాని పేరు అమెరికా యూరాలజిస్టు ఫ్రెడరిక్ ఫోలీది. ఆ నంబరు మాత్రం జోసెఫ్ షారియేర్‌ది. ఆయన డాక్టరు కాదు. స్విట్జర్లాండ్‌లో పుట్టి, పారిస్ వచ్చి, చాకులు కత్తులు చేసేవాళ్ళ దగ్గర పని నేర్చుకుని, ఆ కాలానికి గొప్ప పరికరాల తయారీదారు అయ్యాడు. ఆయన కొలతలో ఒక అంకె అంటే మిల్లీమీటరులో మూడో వంతు. అంటే 16 నంబర్ గొట్టం లావు సుమారు 5.3 మిల్లీమీటర్లు. యూరప్‌లో ఇప్పటికీ ఆ కొలతని షారియేర్ అనే పిలుస్తారు, ఇంగ్లీషు మాట్లాడేచోట ఫ్రెంచ్ అనేశారు. దేశం పేరు మిగిలింది, మనిషి పేరు పోయింది. పరికరాల చరిత్రలో ఇది పదే పదే జరిగింది, కింద మళ్ళీ చెప్తాను.

ప్రశ్న: సుశ్రుతుడి దగ్గర 121 పరికరాలు ఉండేవని, ఇప్పటి ఆపరేషన్ థియేటర్లో ఉన్నవన్నీ అప్పుడే ఉన్నాయని మా అబ్బాయి వాదిస్తున్నాడు. నాకేమో అతిశయోక్తి అనిపిస్తోంది. నిజమేమిటి?

అంకె నిజమే. సుశ్రుత సంహితలో 101 యంత్రాలు, 20 శస్త్రాలు చెప్పారు. యంత్రాలంటే పదును లేనివి, పట్టుకునేవి, లాగేవి, గొట్టాలు, శలాకల లాంటివి. శస్త్రాలంటే కోసేవి, గుచ్చేవి. అయితే ‘ఇప్పుడున్నవన్నీ’ అనే మాట దగ్గర మీ అబ్బాయిని ఆపండి. మత్తుమందు యంత్రం, కరెంటుతో రక్తం ఆపే పరికరం, కెమెరా లాంటివి ఎక్కడినుంచి వస్తాయి? గ్రంథంలో లేనివి ఉన్నాయని చెప్పుకుంటే ఉన్న గొప్పతనం కూడా ఎవరూ నమ్మరు. అక్కడ ఉన్నదాన్ని చదివితేనే ఒళ్ళు పులకరిస్తుంది.

ఉదాహరణకి స్వస్తిక యంత్రాలని 24 రకాల పటకార్లు ఉన్నాయి. ఎముకలో దిగబడిన బాణపు మొన లాంటివి లాగడానికి. సింహం, పులి, తోడేలు, కాకి, కంకపక్షి ఇలా జంతువుల, పక్షుల మూతుల ఆకారంలో వాటి మూతులు ఉండాలన్నారు, పేర్లు కూడా అవే పెట్టారు. పైకి స్పష్టంగా కనిపించే దాన్ని పట్టడానికి సింహముఖం, లోతుగా, కనిపించకుండా ఉన్నదానికి కొంగలాంటి కంకపక్షి ముక్కు. అన్నిటిలోకి కంకముఖమే మేలని కారణంతో సహా రాశారు. సులువుగా లోపలికి వెళ్తుంది, తిప్పవచ్చు, వస్తువుని పట్టుకుని బయటికి వస్తుంది. రెండు కాళ్ళనీ కలిపే మేకు మసూర్ పప్పు బద్ద ఆకారంలో ఉండాలట. నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ మేకే. ఆ వాక్యం రాసినవాడు కమ్మరి పక్కన కూర్చుని పని చేయించుకున్నవాడై ఉండాలి, ఊహించి రాసే వివరం కాదది.

పదును గురించి, వెంట్రుకని చీల్చగలిగితేనే అది శస్త్రం అన్నారు. శిష్యులు గుమ్మడి, సొర, దోస లాంటి కాయల మీద కోత నేర్చుకోవాలి, తామర తూడుల మీద రక్తనాళం గుచ్చడం నేర్చుకోవాలి, బట్టతో చేసిన బొమ్మ మీద కట్లు కట్టడం నేర్చుకోవాలి. ఇవాళ వైద్య విద్యార్థులు ప్లాస్టిక్ బొమ్మల మీద చేసేది ఇదే. పైగా 101 యంత్రాల లెక్క చెప్పి, వాటన్నిటిలో ముఖ్యమైన యంత్రం చెయ్యి అని రాశారు, ఎందుకంటే చెయ్యి లేకుండా మిగతావేవీ పనిచేయవు.

ఒక జాగ్రత్త. సుశ్రుతుడి పరికరాలంటూ ఇప్పుడు పుస్తకాల్లో కనిపించే బొమ్మలు వర్ణన చదివి తర్వాతివాళ్ళు గీసినవి. పరికరాలను బొమ్మలతో సహా చూపించిన తొలి గొప్ప గ్రంథం స్పెయిన్‌లోని కార్డోవా దగ్గర పదో శతాబ్దంలో ఉన్న అల్ జహ్రావీది. ముప్పై భాగాల గ్రంథం, సుమారు 200 పరికరాలకు బొమ్మలు గీశాడు. అది లాటిన్‌లోకి వెళ్ళాక యూరప్ సర్జన్లు కొన్ని వందల ఏళ్ళు దాన్ని చూసే నేర్చుకున్నారు.

ప్రశ్న: నా మొదటి కాన్పు ఫోర్సెప్స్‌తో అయింది, బాబు ఇప్పుడు బాగున్నాడు. ఆ పరికరాన్ని కనిపెట్టినవాళ్ళు వందేళ్ళ పైగా ఎవరికీ చూపించకుండా దాచారని ఎక్కడో చదివాను. అంత అన్యాయం నిజంగా జరిగిందా?

జరిగిందమ్మా. చెప్పడానికి నాకూ బాధగానే ఉంటుంది. 1569లో విలియం చాంబర్లెన్ అనే ప్రొటెస్టెంటు ఫ్రాన్స్ నుంచి పారిపోయి ఇంగ్లండ్ చేరాడు. ఆయన కొడుకుల్లో ఇద్దరి పేరు పీటరే. వాళ్ళలో పెద్ద పీటర్ ఈ పరికరం తయారుచేశాడని ఎక్కువమంది చెప్తారు. అంతకు ముందు బిడ్డ అడ్డం తిరిగినా, తల ఇరుక్కున్నా చాలాసార్లు ఒకటే దారి మిగిలేది. తల్లిని దక్కించుకోవడానికి బిడ్డని ముక్కలు చేసి కొక్కేలతో బయటికి తీయడం. చాంబర్లెన్లు చేసిన పని చూడటానికి ఎంత చిన్నదో. చెంచాల్లాంటి రెండు వంపు రెక్కలు, మధ్యలో ఖాళీ, తల ఆకారానికి తగ్గ వంపు. అసలు తెలివి ఎక్కడుందంటే ఆ రెండు రెక్కలూ విడిపోతాయి. ఒకటి ముందు పెట్టి, రెండోది తర్వాత పెట్టి, అప్పుడు లోపలే కలిపి బిగించాలి. కలిసి ఉన్న పటకారు అక్కడ పట్టదు.

దీన్ని నాలుగు తరాలు కుటుంబ రహస్యంగా ఉంచారు. పెద్ద పెట్టెలో పెట్టి మోసుకొచ్చేవాళ్ళని, గదిలోంచి అందరినీ పంపేసి తల్లి కళ్ళకి గంతలు కట్టేవాళ్ళని చెప్పుకుంటారు. 1670లో హ్యూ చాంబర్లెన్ పారిస్ వెళ్ళి రహస్యం అమ్మజూపాడు. అక్కడి పేరున్న ప్రసూతి వైద్యుడు మోరిసో పరీక్షగా ఒక కష్టమైన కేసు అప్పగించాడు. కటి ఎముకలు బాగా వంకర తిరిగిన స్త్రీ. మూడు గంటలు ప్రయత్నించాడు. కాలేదు, ఆ తల్లి చనిపోయింది, బేరం కుదరలేదు. ఆమె పేరు చరిత్రలో ఎక్కడా లేదు.

చివరికి 1733లో ఎడ్మండ్ చాప్‌మన్ దాని గురించి అచ్చులో రాశాక అందరికీ తెలిసింది. ఆ తర్వాత విలియం స్మెల్లీ లండన్‌లో దాన్ని బాగుచేసి, ఎప్పుడు వాడాలో, ముఖ్యంగా ఎప్పుడు వాడకూడదో కొన్ని వందల మందికి నేర్పాడు. నా దృష్టిలో ఆ పరికరానికి అసలు తండ్రి స్మెల్లీనే, దాచినవాడి కన్నా నేర్పినవాడు గొప్ప. ఇక చాంబర్లెన్ల పరికరాలు 1813లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో వాళ్ళ పాత ఇంట్లో నేల చెక్కల కింద బయటపడ్డాయి. మధ్యలో గడిచిన వందేళ్ళ పైచిలుకు కాలంలో ఎన్ని ఇళ్ళలో ఎంతమంది తల్లులు, బిడ్డలు పోయారో ఎవరు లెక్క చెప్తారు? మీరూ బాబూ చల్లగా ఉండాలి.

ప్రశ్న: చెట్లు కోసే చెయిన్‌సా మొదట కాన్పుల కోసమే కనిపెట్టారని వాట్సాప్‌లో వీడియో వచ్చింది. నమ్మొచ్చా?

సగం నమ్మండి. వీడియోలో చూపించే మోటారు రంపం కాదు. పద్దెనిమిదో శతాబ్దం చివర స్కాట్లాండ్‌లో జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ అనే ఇద్దరు వైద్యులు గడియారం గొలుసులా వంగే, పళ్ళున్న చిన్న గొలుసు రంపం తయారుచేశారు. రెండు చివర్లా పిడులు, చేత్తో అటూ ఇటూ లాగాలి. బిడ్డ బయటికి రాలేనప్పుడు కటి ఎముకని ముందువైపు విడదీసే ఆపరేషన్ అప్పట్లో ఉండేది, సిజేరియన్ చేస్తే తల్లి బతకడం చాలా అరుదు కాబట్టి. ఎయిట్‌కెన్ దానికోసం ఆలోచించాడు, జెఫ్రీ కుళ్ళిన కీళ్ళ ఎముక తీయడానికి వాడాడు. 1830లో జర్మనీలో బెర్న్‌హార్డ్ హైనే ఒక పలక చుట్టూ తిరిగే గొలుసు పెట్టి, చేత్తో తిప్పే హ్యాండిల్‌తో ఎముక కోసే యంత్రం చేశాడు. ఆకారంలో ఇవాళ్టి చెయిన్‌సాకి తాత అంటే అదే. గొలుసు రంపం తర్వాత ఇటలీ ప్రసూతి వైద్యుడు లియోనార్డో జీల్యీ 1894లో సన్నటి తీగ రంపం తెచ్చాడు. అది కూడా కాన్పు కోసమే పుట్టింది, తర్వాత పుర్రె తెరవడానికి మెదడు సర్జన్ల చేతికి వెళ్ళింది.

ప్రశ్న: మ్యూజియంలో పాత ఆపరేషన్ పెట్టె చూశాను. దంతపు పిడులు, నల్ల చెక్క పిడులు, లోపల మఖమల్ గుడ్డ, ఎంత అందంగా ఉన్నాయో. ఇప్పుడెందుకు అన్నీ ఒకే రకం స్టీలు?

ఆ అందమే మనుషుల్ని చంపింది. మఖమల్‌లో రక్తం ఇంకుతుంది, చెక్క పిడి గీతల్లో చీము ఎండిపోతుంది, అదే కత్తి మర్నాడు ఇంకొకరికి. సూక్ష్మక్రిముల సంగతి తెలియని రోజులు. తుడిచి పెట్టెలో పెడితే శుభ్రమైనట్టే. పైగా 1846లో ఈథర్ మత్తు రాక ముందు ఆపరేషన్ అంటే వేగం. లండన్‌లో రాబర్ట్ లిస్టన్ కాలు తీయడానికి నిమిషాలు కూడా పట్టేవి కావంటారు. బల్ల మీద మనిషి మెలకువగా అరుస్తుంటే పొడవాటి కత్తి, గుప్పిట నిండే పిడి కావాలి. ఆ పిడులు అంత లావుగా ఉండటానికి కారణం అదే.

1865లో గ్లాస్గోలో జోసెఫ్ లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు, పరికరాలు శుభ్రం చేయడం మొదలుపెట్టాడు. తర్వాత 1879లో పాశ్చర్ దగ్గర పనిచేసిన షార్ల్ షాంబర్లాన్, వేడి ఆవిరితో పరికరాల మీది క్రిముల్ని చంపే ఆటోక్లేవ్ అనే యంత్రం తయారుచేశాడు. మరుగుతున్న ఆవిరిలో పెడితే దంతం పగిలిపోతుంది, చెక్క ఉబ్బుతుంది, జిగురు ఊడుతుంది. అందుకని మొత్తం లోహంతో, విడదీసి కడగడానికి వీలుగా, నక్షీలు లేకుండా నున్నగా చేయాల్సి వచ్చింది. తుప్పు మాత్రం మిగిలింది. 1913లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాల కోసం ఉక్కు వెతుకుతూ, క్రోమియం కలిపితే తుప్పు పట్టదని గమనించాడు, దాంతో ఆ బాధ కూడా పోయింది.

ప్రశ్న: నేను గైనకాలజీ విద్యార్థినిని. యోని లోపలి గోడని పక్కకి లాగి చూసే సిమ్స్ స్పెక్యులమ్ రోజూ వాడతాం. దాని వెనక బానిస స్త్రీల కథ ఉందని విన్నప్పటినుంచీ చేతిలోకి తీసుకోవాలంటే ఏదోలా ఉంది. మీరేమంటారు?

మీకు అలా అనిపించడం మంచిదే. 1845 నుంచి నాలుగేళ్ళు అమెరికాలోని అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో జేమ్స్ మేరియన్ సిమ్స్ ఈ పని చేశాడు. రోజుల తరబడి కాన్పు కాక మూత్రసంచికి, యోనికి మధ్య రంధ్రం పడితే, ఆ స్త్రీకి జీవితాంతం మూత్రం కారుతూనే ఉండేది, బాగుచేసే దారి లేదు. సిమ్స్ ఒక చెంచా కాడ వంచి, దానితో లోపలి గోడని పక్కకి లాగి చూశాడు. అంతకుముందు ఎవరూ సరిగ్గా చూడలేకపోయిన చోటు కనిపించింది. స్పెక్యులమ్ అనేది కొత్త కాదు, పాంపే శిథిలాల్లో మరతో తెరుచుకునే రోమన్ స్పెక్యులమ్ దొరికింది, కానీ ఆపరేషన్‌కి చోటిచ్చేది ఇదే.

ఆ ఆపరేషన్లు ఎవరి మీద నేర్చుకున్నాడంటే బానిస స్త్రీల మీద. మత్తు లేకుండా. వాళ్ళలో ముగ్గురి పేర్లు మిగిలాయి, అనార్కా, బెట్సీ, లూసీ. అనార్కాకి ముప్పై సార్లు చేశాడు. ఒప్పుకునే హక్కు, వద్దనే హక్కు రెండూ వాళ్ళకి లేవు. వెండి తీగతో కుట్టాక 1849లో గాయం మానింది, సిమ్స్ పేరు ప్రపంచమంతా పాకింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న ఆయన విగ్రహాన్ని 2018లో తీసేశారు. 2021లో మాంట్‌గొమరీలోనే ఆ ముగ్గురు స్త్రీలకి విగ్రహాలు పెట్టారు.

పరికరం వాడండి, అది మీ పేషెంటుకి అవసరం. కానీ జూనియర్లకి ఆ పరికరం చూపించి సిమ్స్ అని చెప్పిన ప్రతిసారీ ఆ మూడు పేర్లు కూడా చెప్పండి. నేను పాఠం చెప్పిన రోజుల్లో చాలా ఏళ్ళు చెప్పలేదు, అప్పటికి నాకే తెలియదు. ఆ తప్పు నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ప్రశ్న: బ్లేడు నంబర్లు 10, 11, 15 అంటారు కదా, అవి సైజులా?

కాదు. ఒక్కో ఆకారానికి ఒక్కో నంబరు, అంతే. 10 పొట్ట ఉబ్బిన బ్లేడు, చర్మం మీద పెద్ద కోతకి. 11 సూదిమొన, చీముగడ్డకి. 15 చిన్నది, సున్నితమైన చోట్లకి. పిడి ఉంచి బ్లేడు మాత్రమే మార్చే ఈ పద్ధతికి మోర్గన్ పార్కర్ 1915లో పేటెంటు తీసుకున్నాడు. గడ్డం గీసుకునే బ్లేడు అప్పటికే మార్కెట్లో ఉంది. అంతకు ముందు ప్రతి ఆపరేషన్ తర్వాతా కత్తిని సానపట్టించాల్సిందే.

ప్రశ్న: నాకు వచ్చే నెల గాల్ బ్లాడర్‌లో రాళ్ళకి కీహోల్ ఆపరేషన్. కడుపులో కెమెరా పెట్టి చేస్తారంటే భయంగా ఉంది. ఇది ఎవరి ఆలోచన, ఎన్నాళ్ళనుంచి ఉంది?

భయపడకండి, ఈ ఆలోచనకి రెండు వందల ఏళ్ళ వయసుంది, ఆపరేషన్‌గా కూడా నలభై ఏళ్ళ అనుభవం ఉంది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఫిలిప్ బొజ్జినీ అనే యువ వైద్యుడు 1806లో, లోపల కొవ్వొత్తి, అద్దం అమర్చిన ఒక పాత్రకి గొట్టం తగిలించి, శరీరం లోపలికి వెలుగు పంపాడు. వియన్నా వైద్య పెద్దలు ఒప్పుకోలేదు. 1809లో టైఫస్ జ్వరం సోకి, 35 ఏళ్ళకే పోయాడు. కొవ్వొత్తి వెలుగులో చూడటానికి ప్రయత్నించిన ఆ మనిషంటే నాకు చెప్పలేనంత గౌరవం.

1879 నాటికి మాక్స్ నిట్జే, వియన్నా పరికరాల తయారీదారు జోసెఫ్ లైటర్ కలిసి మూత్రసంచి లోపలికి చూసే గొట్టం చేశారు. దీపం గొట్టం బయట కాదు, లోపలి కొననే. ఎర్రగా వెలిగే ప్లాటినం తీగ, అది కాల్చకుండా చుట్టూ చన్నీళ్ళు పారే ఏర్పాటు. 1959లో ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త హెరాల్డ్ హాప్కిన్స్ లెన్సుల పద్ధతిని తలకిందులు చేశాడు. అప్పటిదాకా గొట్టం నిండా గాలి, మధ్య మధ్య పల్చటి గాజు లెన్సులు. ఆయన గొట్టం నిండా గాజు కడ్డీలు పెట్టి, మధ్య మధ్య సన్నటి గాలి సందులు వదిలాడు. బొమ్మ ఒక్కసారిగా పట్టపగల్లా కనిపించింది. కార్ల్ స్టోర్జ్ అనే జర్మనీ తయారీదారు దాన్ని తీసుకున్నాడు.

కీల్ నగరంలో కుర్ట్ సెమ్ అనే గైనకాలజిస్టు 1980లో ఈ పద్ధతిలో అపెండిక్స్ తీస్తే, జర్మన్ సర్జన్ల సంఘం అధ్యక్షుడు ఆయన్ని సస్పెండ్ చేయమని ఉత్తరం రాశాడు! 1985లో ఎరిక్ మ్యూహే మొదటిసారి ఇలా గాల్ బ్లాడర్ తీశాడు. తోటి సర్జన్లు ఎగతాళి చేశారు. 1987లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో ఫిలిప్ మూరే చేశాక ప్రపంచం దాని వెంట పరిగెత్తింది. 1992లో మ్యూహేని ఎగతాళి చేసిన సంఘమే సన్మానించింది. పెద్ద కోత ఉండదు కాబట్టి నొప్పి తక్కువ, లేచి తిరగడం తొందరగా. ఒక్క మాట మాత్రం మీ సర్జన్‌ని అడగండి, లోపల అతుక్కుని ఉంటే మధ్యలో పెద్ద కోతకి మారాల్సి రావచ్చు, అది తప్పు కాదు, జాగ్రత్త.

ప్రశ్న: పేగులు స్టేప్లర్‌తో కుడతారట, నిజమా?

నిజమే, మొదటిది 1908లో బుడాపెస్ట్‌లో హ్యూమర్ హ్యుల్టుల్ చేయించాడు. బరువు మూడున్నర కిలోలు, బిగించుకోవడానికే రెండు గంటలు. తర్వాత అలడార్ పెట్జ్ అనే ఆయన దేశస్థుడే దాన్ని తేలిక చేశాడు. 1950ల్లో సోవియట్ ఇంజినీర్లు బాగా ముందుకు తీసుకెళ్ళారు, 1958లో కీవ్‌లో దాన్ని చూసిన అమెరికా సర్జన్ మార్క్ రావిచ్ ఒకటి వెంట తెచ్చుకున్నాడు. ఇవాళ్టి స్టేప్లర్లు ఆ దారిలో వచ్చినవే.

ప్రశ్న: నేను ఓటీ టెక్నీషియన్‌ని, డిప్లొమా చదివాను. కోత అంచుల్ని పక్కకి లాగి పట్టుకునే ఒక రిట్రాక్టర్‌కి చిన్న మార్పు చేస్తే అసిస్టెంటు చెయ్యి నొప్పి పుట్టదని నాకో ఆలోచన ఉంది. డాక్టర్ కాని వాళ్ళు చెప్తే ఎవరైనా వింటారా సార్?

బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇప్పటిదాకా చెప్పిన కథల్లో షారియేర్, లైటర్, హాప్కిన్స్ డాక్టర్లు కారు. ఆపరేషన్లో కరెంటుతో రక్తం ఆపే యంత్రాన్ని ఇప్పటికీ బోవీ అంటారు. విలియం బోవీ శాస్త్రవేత్త, సర్జన్ కాదు. 1926 అక్టోబర్ 1న బోస్టన్‌లో మెదడు సర్జన్ హార్వీ కుషింగ్, రక్తం ఆగక అంతకు ముందు మధ్యలో వదిలేసిన తల గడ్డని బోవీ యంత్రంతో తీశాడు. బోవీ ఆ పేటెంటుని ఒక్క డాలరుకి ఇచ్చేశాడు. రబ్బరు గ్లౌజులు ఎలా వచ్చాయో తెలుసా? 1889లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కారోలిన్ హాంప్టన్ అనే ఓటీ నర్సు చేతులు క్రిమిసంహారక ద్రావణానికి పుండ్లు పడుతుంటే, సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఒక రబ్బరు కంపెనీకి చెప్పి సన్నటి గ్లౌజులు చేయించాడు. ఆమె చేతుల కోసం వచ్చినవి రోగుల ప్రాణాలు కాపాడాయి.

నీకు అన్నిటికన్నా దగ్గరి కథ టామ్ ఫోగార్టీది. చదువుకుంటూనే సిన్సినాటిలో ఒక ఆసుపత్రి థియేటర్లో నీలాగే పరికరాలు అందించే పనిచేశాడు. అప్పట్లో కాలి రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే పొడుగునా కోసి తీయాలి, చాలామందికి కాలు పోయేది, ప్రాణాలూ పోయేవి. అది రోజూ చూసి చూసి, సన్నటి మూత్రనాళిక గొట్టం కొనకి గ్లౌజు చిటికెన వేలి ముక్క కట్టాడు. రబ్బరు, ప్లాస్టిక్ అతుక్కోవు. చేపల గాలానికి ఎర ఈకలు కట్టే ముడి చిన్నప్పటినుంచీ వచ్చు, దానితోనే కట్టాడు. గొట్టాన్ని గడ్డ దాటించి, కొన బెలూన్ ఊదించి, మెల్లగా వెనక్కి లాగితే గడ్డ దానితోపాటు వచ్చేసింది. మొదట ఏ కంపెనీ చేయనంది. 1960ల మొదట్లో తనే చేత్తో కట్టుకుంటూ ఉండేవాడు. అతనికి తోడు నిలిచింది అతని సీనియర్ సర్జన్. తర్వాత అతనూ సర్జన్ అయ్యాడు, ఫోగార్టీ కాథెటర్ ఈ రోజు రక్తనాళాల ఆపరేషన్లు చేసే ప్రతిచోటా ఉంటుంది.

ఈమధ్య అర్జెంటీనాలో హోర్హే ఓడాన్ అనే కార్ల మెకానిక్, సీసాలో పడిన బిరడాని ప్లాస్టిక్ సంచితో బయటికి లాగే చిట్కా చూసి, అదే పద్ధతిలో బిడ్డని బయటికి తీసే పరికరం ఆలోచించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని పట్టించుకుంది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇది. రిట్రాక్టర్ బొమ్మ చేత్తోనే గియ్యి, కొలతలు మిల్లీమీటర్లలో వెయ్యి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టు. ఇప్పుడు చెయ్యిలో నొప్పి ఎక్కడ పుడుతుందో, ఎన్ని నిమిషాల తర్వాత పుడుతుందో రాయి. అట్టతోనో, మైనంతోనో నమూనా చెయ్యి. కడగడానికి సందులు మిగలకుండా, ఆటోక్లేవ్‌ని తట్టుకునేలా ఉందో లేదో చూసుకో. తర్వాత, నీ థియేటర్లో ఎవరు ఎక్కువ ప్రశ్నలు వేస్తారో ఆ సర్జన్‌కి, ఆపరేషన్ లేని రోజు చూపించు. ఆయనకి తీరిక లేకపోతే ఈ పత్రిక చిరునామాకి నా పేరున పంపు, నేను చూస్తాను.